వేషం కట్టినవాడు ఏమవుతాడు?

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర ఏటా మే నెల ప్రాంతంలో వారం పాటు సాగుతుంది. చాటింపు పడిన మర్నాటి నుంచి రోజుకొక వేషం. మొదట బైరాగి, తర్వాత బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు. బైరాగి వేషానికి ఒంటినిండా నామంకొమ్ము పూత, తోటి వేషానికి బొగ్గుపొడి, దొర వేషానికి గంధం. మగవాళ్లు చీర కట్టి, జడ వేసుకుని, నగలు పెట్టుకుని మొక్కు చెల్లించడానికి గుడికి నడుస్తారు. ఇంట్లో ఆడవాళ్లే దగ్గరుండి కుచ్చిళ్లు సర్ది, బొట్టు పెట్టి పంపుతారు. 2024 డిసెంబరులో విడుదలైన పుష్ప-2లో అల్లు అర్జున్ చీరకట్టును దేశమంతా చూసింది. కానీ జాతర అసలు బలం ఒక్క వేషంలో లేదు, వేషాల వరసలో ఉంది. ఒకే దేవత, ఒక పని నెరవేర్చడానికి, రోజుకొక రూపంలో ఊరిలో తిరుగుతుంది. ఏ రూపంలో ఉంటే ఆ రూపానికి తగిన మాట, తగిన నడత. ఈ ఏర్పాటును కంప్యూటర్ ఆటల శాస్త్రం పక్కన పెట్టి చూస్తే, ఆటల పరిశోధకులు ఎంతోకాలంగా వాదించుకుంటున్న ఒక ప్రశ్న తేటపడుతుందని నా నమ్మకం.

ఆ ప్రశ్న ఇది. ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేమ్ ఏది తెరిచినా మొదట అడిగేది క్యారెక్టర్ క్లాస్ గురించే. కత్తి పట్టే వారియరా, మంత్రం వేసే మేజా, గాయాలు మాన్పే క్లెరిక్కా, చీకట్లో నక్కి దెబ్బతీసే రోగా? ఆ ఎంపికను బట్టి వాడగల ఆయుధాలు, నేర్చుకోగల విద్యలు, తట్టుకోగల దెబ్బలు అన్నీ మారిపోతాయి. చాలామంది ఆటగాళ్లు ఈ ఎంపికను అద్దంలా చూస్తారు. నెమ్మదస్తుడు హీలర్ అవుతాడనీ, దూకుడు మనిషి వారియర్ అవుతాడనీ, క్లాస్‌ను చూసి మనిషిని చెప్పేయవచ్చనీ అనుకుంటారు. నీ స్వభావానికి ఏ క్లాస్ సరిపోతుందో చెబుతామనే ప్రశ్నావళులకు అందుకే అంత గిరాకీ. ఈ ఆలోచన తలకిందులుగా ఉందన్నది నా వాదన. క్లాస్ అనేది మనిషి స్వభావపు వర్ణన కాదు. అది ఒక పరిస్థితికి జవాబుగా పుట్టిన పాత్ర. ఆ పాత్రలోకి వెళ్లినవాడు అది అడిగిన పని చేస్తాడు. చేయగా చేయగా, పక్కవాళ్లు గుర్తించగా గుర్తించగా, ఆ పనిలోంచి ఒక గుర్తింపు తయారవుతుంది. అంటే పని ముందు, స్వభావం తర్వాత.

క్లాస్‌లు ఎలా పుట్టాయో చూస్తే ఇది తెలుస్తుంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అచ్చువేసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో క్లాస్‌లు మూడే: యుద్ధవీరుడు, మాంత్రికుడు, క్లెరిక్. ఇందులో క్లెరిక్ పుట్టుక ఆసక్తికరమైనది. ఆ పుస్తకం రాకముందే ఆర్నెసన్ తన మిత్రులతో బ్లాక్‌మూర్ అనే ఆట నడిపేవాడు. అందులో ఒక ఆటగాడు సర్ ఫాంగ్ అనే రక్తపిశాచి పాత్రలో ఎవరికీ లొంగనంత బలిసిపోయాడు. అతన్ని నిలువరించడానికి, పిశాచాలను తరిమే శక్తి ఉన్న మతగురువు పాత్ర ఒకటి కావలసి వచ్చింది. ఆ అవసరంలోంచే క్లెరిక్ వచ్చాడు. సేవాభావం ఉన్న ఆటగాళ్లకు ఒక పాత్ర ఇద్దామని ఎవరూ అనుకోలేదు. తిరుపతి కథలో దొర వేషం పుట్టినదీ ఇలాంటి అవసరంలోనే. ఊరి ఆడవాళ్లను చెరపట్టే పాలెగాడు గంగమ్మ నిజరూపం చూసి భయపడి పారిపోయి దాక్కున్నాడు. వాణ్ని బయటికి రప్పించడానికి ఆమె రోజుకొక వేషంలో వెతికింది. చివరికి దొరగా వచ్చింది. తనకంటే పైవాడు వచ్చాడనుకుని పాలెగాడు బయటపడ్డాడు, తల తెగింది. మర్నాటి మాతంగి వేషంలో ఆమె అదే పాలెగాడి భార్యను ఓదార్చిందని చెబుతారు. చంపవలసినప్పుడు దొర, ఓదార్చవలసినప్పుడు మాతంగి. గంగమ్మ స్వభావం దొరదా, మాతంగిదా అని అడిగితే ఆ ప్రశ్నకు అర్థమే లేదు. ఎదురుగా ఉన్న పని ఏమిటన్నదే వేషాన్ని నిర్ణయించింది.

వేషం అంటే కొన్ని అనుమతులు, కొన్ని నిషేధాలు. బండ వేషం రోజున భక్తులు నోటికొచ్చిన బండబూతులు తిడతారు, ఎవరూ తప్పుపట్టరు. మామూలు రోజున అదే మాట అదే వీధిలో అంటే తగవవుతుంది. ఆటల్లో కూడా ఇంతే. తొలినాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో మాంత్రికుడు కవచం తొడగకూడదు, పట్టదగిన ఆయుధం బాకు తప్ప లేదు. క్లెరిక్ పదునైన కత్తి పట్టకూడదు. ఈ నిషేధాలు ఆటగాడి స్వేచ్ఛను హరించేవిగా కనిపిస్తాయి కానీ పాత్రకు రూపం వచ్చేది వీటివల్లే. కవచం లేని మాంత్రికుడు ముందువరసలో నిలబడలేడు కాబట్టి యుద్ధవీరుడి అవసరం పడుతుంది. గాయపడే యుద్ధవీరుడికి క్లెరిక్ అవసరం. ఒకరి లోటే ఇంకొకరికి చోటు. ఆన్‌లైన్ ఆటల కాలానికి, ముఖ్యంగా 1999 నాటి ఎవర్‌క్వెస్ట్, 2004 నాటి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చేసరికి, ఇది దెబ్బలు కాచే ట్యాంక్, మాన్పే హీలర్, శత్రువును కొట్టేవాడు అనే మూడు పనుల కట్టుగా స్థిరపడింది. దీనికి ఎదురుగా 2011లో వచ్చిన స్కైరిమ్ క్లాస్‌లను పూర్తిగా తీసేసింది. ఏ విద్య వాడితే ఆ విద్య పెరుగుతుంది, ఎవరి దారి వారిది. స్వేచ్ఛ దొరికితే లక్షమంది లక్ష రకాలుగా మారాలి కదా? కానీ మాంత్రికుడిగా మొదలుపెట్టినా, గొడ్డలి వీరుడిగా మొదలుపెట్టినా చివరికి చీకట్లో నక్కి బాణాలు వేసేవాడిగానే తేలడం స్కైరిమ్ ఆటగాళ్లలో ఎంతోమంది చెప్పుకునే అనుభవం. నిషేధం లేనిచోట అందరూ అన్నిటికంటే లాభసాటి పనివైపే జారారు. అడ్డుగీతలు చెరిపేస్తే తేడాలు పెరగకపోగా తగ్గాయి. ఇది చిన్న విషయం కాదు. స్వభావమే పాత్రను నిర్ణయించేదైతే, అడ్డులేని ఆటలోనే ఆ స్వభావాలు అన్నిటికంటే స్పష్టంగా బయటపడి ఉండాలి.

వేషం మనిషి నడతను మారుస్తుందనడానికి ప్రయోగశాల సాక్ష్యం ఉంది. నిక్ యీ, జెరెమీ బెయిలెన్సన్ 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరికి వర్చువల్ లోకంలో పొడవైన శరీరం, కొందరికి పొట్టి శరీరం ఇచ్చారు. ఎవరికి ఏది దక్కాలో చీటీలు వేసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయించారు. డబ్బు పంచుకునే బేరం పెడితే పొడవు శరీరం దక్కినవాళ్లు తమ వాటా పెంచుకునేలా గట్టిగా బేరమాడారు. పొట్టి శరీరం దక్కినవాళ్లు అన్యాయమైన వాటాకు కూడా ఎక్కువగా ఒప్పుకున్నారు. అందమైన ముఖం దక్కినవాళ్లు ఎదుటివారికి ఇంకాస్త దగ్గరగా వెళ్లి నిలబడ్డారు, తమ గురించి ఎక్కువ చెప్పుకున్నారు. దీనికి వాళ్లు ప్రోటియస్ ప్రభావం అని పేరు పెట్టారు. ఇక్కడ యాదృచ్ఛికంగా ఇవ్వడమే ప్రాణం. పొడవు శరీరాన్ని వాళ్లు ఎంచుకోలేదు కాబట్టి, దూకుడు మనుషులే ఆ వేషం కోరుకున్నారని అనడానికి వీల్లేదు. పిల్లల మీద చేసిన మరో ప్రయోగం 2017లో చైల్డ్ డెవలప్‌మెంట్ పత్రికలో వచ్చింది. నాలుగేళ్ల, ఆరేళ్ల పిల్లలకు విసుగుపుట్టించే పని ఒకటి అప్పజెప్పి, పక్కనే ఆడుకోవడానికి ఒక ట్యాబ్లెట్ పెట్టారు. కొందరు మామూలుగా పనిచేశారు. కొందరిని బ్యాట్‌మన్ లాంటి ఇష్టమైన పాత్రను ఎంచుకుని, ఆ వేషంలో, ఆ పేరుతోనే తమను తాము ప్రశ్నించుకోమన్నారు. బ్యాట్‌మన్ కష్టపడుతున్నాడా అని. అలా వేషం కట్టిన పిల్లలే పనిమీద ఎక్కువసేపు నిలిచారు.

ఈ రకం పరిశోధనలన్నీ ఒకే బలంతో నిలబడలేదు, అది దాచకూడదు. డాక్టరు కోటు అని చెప్పి తొడిగిస్తే ఏకాగ్రత పెరుగుతుందని 2012లో ఆడమ్, గలిన్స్‌కీ చేసిన ప్రయోగాలు చాలా పేరు తెచ్చుకున్నాయి. 2019లో ఇంకొక బృందం వాటిలో మొదటిదాన్ని తిరిగి చేస్తే ఆ ఫలితం రాలేదు. ప్రోటియస్ ప్రభావం మీద వచ్చిన పరిశోధనలను కలిపి లెక్కగట్టిన 2020 నాటి సమీక్ష మాత్రం ఆ ప్రభావం ఉందనీ, చిన్నదానికీ మధ్యస్థానికీ మధ్య ఉందనీ తేల్చింది. ఈ తేడాలో నాకు ఒక అర్థం కనిపిస్తోంది. కోటు తొడిగి ఒంటరిగా కూర్చోబెడితే ఆ కోటుకు పని లేదు, చూసేవాడు లేడు. బేరంలో ఎదుటి మనిషి ఉన్నాడు. వేషానికి పని ఉండాలి, వేషాన్ని గుర్తించేవాళ్లు ఉండాలి. బట్ట ఒక్కటే చాలదు.

గుర్తించేవాళ్ల సంగతి చిత్తూరు ప్రాంతంలో విడమరచి చెప్పనక్కర్లేదు. ఇక్కడి ధర్మరాజుల గుళ్ల దగ్గర వేసవిలో జరిగే మహాభారత ఉత్సవాల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జున తపస్సు రోజున అర్జున వేషధారి ఎత్తైన తపస్సు మాను ఎక్కుతాడు. కింద పిల్లలు కావాలని కోరుకునే ఆడవాళ్లు తడిబట్టలతో సాగిలపడతారు. పైనుంచి అతను విసిరే నిమ్మకాయ, విభూతి ప్రసాదం. ఆ వేషధారి ఏ ఊరివాడో, పగలు ఏం పనిచేస్తాడో కింద ఉన్నవాళ్లలో చాలామందికి తెలిసే ఉంటుంది. తెలిసే మొక్కుతారు. ఆ మొక్కు అతని మీద ఒక బాధ్యత పెడుతుంది. అంతమంది ఆశ తన చేతిలోని నిమ్మకాయలో ఉందని తెలిసిన మనిషి ఆ మాను మీద తేలిగ్గా ఉండలేడు. ఆన్‌లైన్ ఆటలో దీనికి దగ్గరి ఉదాహరణ 2005 సెప్టెంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో అనుకోకుండా చెలరేగిన కరప్టెడ్ బ్లడ్ అంటువ్యాధి. ఒకేచోట జరిగే పోరాటానికే పరిమితం కావలసిన జబ్బు ఆటగాళ్ల పెంపుడు జంతువుల ద్వారా నగరాలకు పాకి, బలహీనమైన పాత్రలను గుంపులుగా చంపింది. దీన్ని ఎరిక్ లోఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్మన్ 2007లో ద లాన్సెట్ ఇన్ఫెక్షస్ డిసీజెస్ పత్రికలో విశ్లేషించారు. మాన్పే శక్తి ఉన్న ఆటగాళ్లు కొందరు ఎవరూ చెప్పకుండానే ముందుకొచ్చి ఇతరులను కాపాడబోయారని వాళ్లు రాశారు. వాళ్లంతా పుట్టుకతోనే దయగలవాళ్లు కావచ్చు. కానీ నా చూపులో ఇంకో కారణం బలమైనది. చుట్టూ పడిపోతున్నవాళ్లు హీలర్ వైపు చూస్తారు. నెలల తరబడి ఆ చూపుకు జవాబు చెప్పడం అలవాటైన చెయ్యి, ఆట నియమాలు తప్పిన రోజు కూడా అదే పని చేసింది.

దీనిమీద మొదటి అభ్యంతరం సహజమే. మనుషులు పాత్రలను ఊరికే ఎంచుకోరు, ఏదో ఇష్టం ఉండే ఎంచుకుంటారు. తొలితరం ఆన్‌లైన్ ఆటను నిర్మించినవారిలో ఒకరైన రిచర్డ్ బార్టిల్ 1996లోనే ఆటగాళ్లను నాలుగు రకాలుగా విడగొట్టాడు. సాధించేవాళ్లు, శోధించేవాళ్లు, కలుపుగోలువాళ్లు, చంపేవాళ్లు. ఆటలో నడత మీద ఆటగాడి వ్యక్తిత్వం నీడ కొంత పడుతుందని తర్వాతి అధ్యయనాలూ చూపించాయి. దీన్ని నేను కాదనను. ఇష్టం తలుపు దాకా తీసుకెళ్తుంది. లోపలికి వెళ్లాక ఏం జరుగుతుందన్నదే నా వాదన. ఈ తేడాను అందరికంటే ముందు గ్రహించిన ఆట నా దృష్టిలో 1985లో రిచర్డ్ గ్యారియట్ చేసిన అల్టిమా-4. అందులో మొదట ఒక సోదె చెప్పే స్త్రీ ధర్మసంకటాలు అడుగుతుంది. నిజాయితీ ముఖ్యమా, కరుణ ముఖ్యమా అన్నట్టుగా. జవాబులను బట్టి ఎనిమిది క్లాస్‌లలో ఒకటి దక్కుతుంది. కరుణకు గాయకుడు, నిజాయితీకి మాంత్రికుడు, వినయానికి గొర్రెలకాపరి. ఇంతవరకు అది స్వభావాన్ని కొలిచే ప్రశ్నావళే. కానీ ఆట నెగ్గాలంటే ఎనిమిది గుణాలూ పండించుకోవాలి. గుడ్డి వర్తకురాలికి ఎంత చెల్లించావు, భిక్షగాడికి ఏమైనా ఇచ్చావా, యుద్ధంలో పారిపోయావా అని ఆట లెక్క కడుతూ ఉంటుంది. దక్కిన క్లాస్ ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పింది అంతే. గంగమ్మ బైరాగితో మొదలుపెట్టింది కదా అని ఆమెను బైరాగి అని ఎవరూ అనరు.

రెండో అభ్యంతరం ఎదురు వైపు నుంచి వస్తుంది. వేషానికి అంత శక్తి ఉంటే, ఆడపాత్రతో ఆడే మగవాళ్లంతా మారిపోవాలి కదా? 2014లో రోసా మికీల్ మార్టే బృందం వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ప్రత్యేకంగా తయారుచేసిన ఒక సాహసయాత్రను ఆటగాళ్ల చేత ఆడించి చూసింది. మగవాళ్లలో 23 శాతం ఆడపాత్రలు ఎంచుకున్నారు. ఆడవాళ్లలో 7 శాతమే మగపాత్రలు తీసుకున్నారు. ఆడపాత్రలో ఉన్న మగవాళ్ల మాటతీరు మారింది. భావోద్వేగం పలికే మాటలు, ఆశ్చర్యార్థకాలు ఎక్కువ వాడారు. కానీ కదలికలు మారలేదు. గుంపుకు కాస్త ఎడంగా ఉండటం, ఊరికే ఎగరటం లాంటి మగ ఆటగాళ్ల అలవాట్లు అలాగే ఉన్నాయి. నోరు వేషానికి లొంగింది, కాళ్లు లొంగలేదు. ఈ ఫలితం నా వాదనకు హద్దు గీస్తుంది, ఆ హద్దు సరైన చోటే ఉందనుకుంటాను. ఆటలో ఆడపాత్రకు, మగపాత్రకు చేయవలసిన పనిలో తేడా ఏమీ లేదు. బొమ్మ మారింది కానీ పాత్ర మీద కొత్త బాధ్యత పడలేదు. తిరుపతి వీధిలో చీరకట్టిన మగవాడి సంగతి వేరు. అది ఒంటిమీద బరువు, నడకకు అడ్డు, నెత్తిన మొక్కు. ఈ జాతరను ఏళ్ల తరబడి అధ్యయనం చేసిన, అప్పట్లో ఎమరీ విశ్వవిద్యాలయం ఆచార్యురాలిగా ఉన్న జాయిస్ ఫ్లూకిగర్ 2013లో వెలువరించిన పుస్తకంలో, ఇక్కడ వేషం మనిషిని కప్పిపుచ్చేది కాదనీ, అతనిలో అప్పటిదాకా లేని అవకాశాన్ని తెరిచేదనీ వాదించారు. జాతర రోజుల్లో లోకం మొత్తం స్త్రీమయం అవుతుందనీ, మగవాళ్లు ఆ లోకంలో ఇమడటానికే రూపం మార్చుకుంటారనీ ఆమె దృష్టి. చీరకట్టు వారి మగతనానికి ఒక సరదా విరామం కాదు, దేవత ముందు నిలబడటానికి అర్హత.

ఇక్కడే ఒక కష్టమైన విషయం ఉంది, దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. క్లాస్ అనే ఏర్పాటు మన దేశంలో కొత్తది కాదు. పుట్టుకను బట్టి పని, పనిని బట్టి అనుమతులు, నిషేధాలు. తోటి, దొర అన్నవి రాయలసీమ పల్లెల్లో నిజంగా ఉన్న స్థానాలు. ఒకటి దళిత కుటుంబాల మీద మోపిన వెట్టి కొలువు, ఇంకొకటి అధికారం. జాతరలో ఒకే దేవత నిన్న తోటి, ఇవాళ దొర. సమాజంలో ఆ దూరాన్ని ఎన్ని తరాలైనా దాటనివ్వలేదు. వేషం ఒక్కరోజు ఆ గోడను దాటించినంత మాత్రాన గోడ కూలదు. ఒంటికి బొగ్గు పూసుకుని తోటి అని చూపించడంలో ఆ వర్గాల మీద ఉన్న చిన్నచూపు ఛాయ ఉందనేవాళ్ల మాటను కొట్టిపారేయలేను. ఫాంటసీ ఆటలు కూడా ఈ ఊబిలోనే నడిచాయి. 1974 నియమాల్లో మరుగుజ్జు జాతివాడు యుద్ధవీరుడిగా ఆరో లెవెల్ దాటి ఎదగలేడు, హాబిట్ జాతివాడు నాలుగు దాటలేడు. మనిషికి మాత్రం అలాంటి హద్దు లేదు. 1981 నాటి బేసిక్ నియమాల్లో ఇంకో అడుగు ముందుకు వేసి ఎల్ఫ్, మరుగుజ్జు లాంటి జాతులనే క్లాస్‌లు చేశారు. మనిషిగా పుడితే వృత్తి ఎంచుకోవచ్చు, ఎల్ఫ్‌గా పుడితే ఎల్ఫ్ కావడమే వృత్తి. ఇది మనకు ఎంత పరిచయమైన తర్కమో చెప్పనక్కర్లేదు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ ఆ లెవెల్ హద్దులను తీసేసింది. 2024 నాటి నియమ పుస్తకం జాతి అనే మాటను వదిలి స్పీసీస్ అని మార్చింది, పుట్టుకను బట్టి వచ్చే బలం, తెలివి లాంటి అదనపు అంకెలను పాత్ర పెరిగిన నేపథ్యానికి ముడిపెట్టింది. ఇది ఊరికే మర్యాద కోసం చేసిన మార్పు అని విసుక్కున్న పాత ఆటగాళ్లు ఉన్నారు. నాకు మాత్రం ఇది ఆట తన సొంత తర్కాన్ని సరిదిద్దుకోవడంగా కనిపిస్తుంది. క్లాస్ చేసే పనిలోంచి రావాలి. పుట్టుకలోంచి వచ్చిన మరుక్షణం అది పాత్ర కాదు, సంకెల.

భక్తిని వీడియో గేమ్‌తో పోల్చడం ఏమిటనే అభ్యంతరం కూడా రావచ్చు. పోలిక ఒక యంత్రాంగం వరకే. మొక్కు చెల్లించేవాడికి అది ఆట కాదు, జ్వరం తగ్గినందుకో, బిడ్డ పుట్టినందుకో తీర్చుకునే రుణం. పైగా జాతరలో అన్ని వేషాలూ ఒక మాదిరివి కావు. మొక్కున్న ఎవరైనా కట్టుకోగల వేషాలు వేరు. అవిలాలకు చెందిన కైకాల వంశం వారు కట్టే గంగమ్మ వేషాలు వేరు, అవి వంశపారంపర్యమైన హక్కు, బాధ్యత. పుట్టుక మీద ఆధారపడిన పాత్ర అక్కడా ఉందన్న మాట. అయితే ఆటల రూపకర్తలు ఈ జాతర నుంచి నేర్చుకోవలసినది ఒకటి ఉంది: వేషానికి హద్దు, ముగింపు. చాటింపు పడ్డాక పొలిమేర దాటి బయట రాత్రి గడపకూడదన్నది ఊరి నియమం. ఆట మామూలు జీవితం నుంచి వేరు చేసిన కాలంలో, చోటులో జరుగుతుందని డచ్చి చరిత్రకారుడు యోహాన్ హైజింగా 1938లో రాసిన దానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు. చివర్లో గుడి ముందు నిలిపిన అమ్మవారి మట్టి విశ్వరూపం చెంప నరుకుతారు. ఆ మట్టికోసం జనం ఎగబడతారు, మందుగా ఇంటికి తీసుకెళ్తారు. వేషం అక్కడితో సరి. అంత ఉగ్రమైన శక్తిని ఏడాది పొడవునా వీధిలో ఉంచుకోవడం ఊరివల్ల కాదని పెద్దలకు తెలుసు.

ఆన్‌లైన్ ఆటల్లో ఈ ముగింపు లేదు. ఒకే హీలర్‌గా, ఒకే ట్యాంక్‌గా పదేళ్లు ఆడేవాళ్లున్నారు. హీలర్ రాకపోతే బృందం కదలదు కాబట్టి, సెలవు తీసుకున్న రోజు అపరాధభావం. అనుమతిగా మొదలైన పాత్ర కొలువుగా మారడం ఇదే. రూపకర్తలు దీనికి విరుగుడు వెతుకుతూనే ఉన్నారు. 1990లో ఫైనల్ ఫాంటసీ-3 పాత్రల వృత్తిని కథ మధ్యలో మార్చుకోనిచ్చింది. 2009లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఒకే పాత్ర రెండు రకాల శిక్షణల మధ్య మారే వీలు కల్పించింది. ఫైనల్ ఫాంటసీ-14లో ఒకే పాత్ర అన్ని వృత్తులూ నేర్చుకోవచ్చు. 2023 నాటి బాల్డర్స్ గేట్-3లో వంద బంగారు నాణేలు ఇస్తే క్లాస్ మొత్తం మార్చుకోవచ్చు. ఇంత తేలికైతే పాత్రకు విలువ ఉండదని కొందరి ఫిర్యాదు. వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. రోజుకు పదిసార్లు మారే వేషం ఎవరి నడతనూ మార్చదు. ఒక వేషంలో నిలకడగా కొంతకాలం ఉండాలి, దాని నిషేధాలు భరించాలి, ఆ తర్వాత దిగే దారీ ఉండాలి. రోజుకొక వేషం అనే తిరుపతి కొలత ఆటలకు నేరుగా సరిపోదు గానీ, ఆ వరస వెనకున్న ఆలోచన సరిపోతుంది.

ఈ వాదనను పరీక్షకు పెట్టవచ్చు. ప్రోటియస్ ప్రయోగాలు చాలావరకు నిమిషాల లెక్కలో నడిచాయి, అసలు ఆటగాళ్లు ఒక పాత్రలో ఏళ్ల తరబడి ఉంటారు. ఒకే ఆట ఆడే కొత్తవాళ్లను తీసుకుని, ఇష్టంతో పనిలేకుండా చీటీ తీసి సగం మందికి హీలర్, సగం మందికి వారియర్ ఇవ్వాలి. రెండు నెలల తర్వాత పాత్రలు తారుమారు చేయాలి. ఆటకు ముందు, మధ్యలో, చివర, ఆటకు బయట వాళ్లు అపరిచితులకు ఎంత సాయం చేస్తున్నారో, బేరంలో ఎంత పట్టుబడుతున్నారో కొలవాలి. ఒంటరిగా ఆడేవాళ్లను, తమ పాత్రను గుర్తుపట్టే బృందంతో ఆడేవాళ్లను వేరుగా చూడాలి. స్వభావమే పాత్రను నడిపిస్తే, చీటీ మారినా కొలతలు మారకూడదు. నేను చెప్పినట్టు పాత్రే మనిషిని నడిపిస్తే, మార్పు బృందంతో ఆడినవాళ్లలో కనిపించాలి, ఒంటరివాళ్లలో కనిపించకపోవాలి, పాత్ర దిగాక క్రమంగా తగ్గాలి. ఒంటరివాళ్లలోనూ అంతే మార్పు కనిపిస్తే, పక్కవాళ్ల గుర్తింపు గురించి పైన రాసినదంతా తిరగరాయవలసి ఉంటుంది.